మందు వద్దన్న ఆపా

ఆపా పోయిందన్న సంగతి నాకు నెల ఆలస్యంగా తెలిసింది. మొన్న పత్తి విత్తనాలకని ఆదోనికి పోతే, విత్తనాలు, పురుగుమందులు అమ్మే వాళ్ల అంగడిలో ఆమె కూర్చునే చోట భాయ్ కూర్చుని ఉన్నాడు. భాయ్ అంటే ఆపా భర్త. మామూలుగా ఆ వేళకు ఆయన మార్కెట్ యార్డులో పత్తి బేరాల దగ్గర ఉంటాడు.

"ఆపా యాడ, భాయ్?" అన్నాను.

ఆయన వెనక అరలో వరుసగా బోర్లించి పెట్టిన, ఆపా పురుగులను పెంచే గాజు సీసాల వైపు చూశాడు. అవి ఖాళీగా ఉండటం నేనెప్పుడూ ఎరగను. అప్పుడే నాకు అర్థమైంది.

"పోయింది తల్లీ. ఈడనే, ఈ కుర్చీలోనే. ఎవరో రైతుతో మాట్లాడతా మాట్లాడతా గుండె పట్టుకునింది. ఆస్పత్రికి పోయే లోపలే అయిపాయ. ఎక్కువ బాధ పడలే, అల్లా దయ."

ఆమె కోసం కళ్లు తుడుచుకున్నాను గానీ, ఆ దుఃఖంలోనే ఒక ఊరట కూడా ఉండింది. ఇన్నేళ్లు పురుగుమందుల డబ్బాల మధ్య కూర్చున్న మనిషి. ఆ వాసనే ఆమె రొమ్ములో చేరి ఒకనాటికి మంచాన పడేసి సతాయిస్తుందని నాకు లోపల ఒక బెదురు. అట్లా జరగలేదు. మాట్లాడుతూనే పోయింది. ఏం మాట్లాడుతూ పోయి ఉంటుందో కూడా నేను ఊహించగలను. ఆ రైతుకు మందు వద్దని చెబుతూ ఉంటుంది.

ఆమెకు ఒక పేరుంది. ఆ పేరుతో పిలిచిన రైతు లేడు. ఆమె తమ్ముళ్లు "ఆపా" అని పిలిచేవాళ్లు, అంటే అక్క అని. ఆ పిలుపే మా పల్లెల దాకా వచ్చింది. తెల్ల గడ్డాల ముసలివాళ్లు కూడా ఆమెను ఆపా అనే పిలిచారు. మొదటిసారి అంగడికి వచ్చినవాళ్లు మటుకు గుమ్మంలో నిలబడి "సారు లేడా?" అని అడిగేవాళ్లు. "సారు యార్డులో ఉన్నాడు. సారుకు పురుగులు తెలీవు. నాకు తెలుసు, కూర్చోప్పా" అనేది.

అంగడి సన్నగా, పొడుగ్గా, రైలు పెట్టె మాదిరి ఉండేది. ఆపాకు నల్ల తలగుడ్డ మీదికి ఎత్తి పెట్టుకున్న కళ్లజోడు, మెడలో నల్లదారానికి వేలాడే భూతద్దం. ఏం కావాలని ఆమె ఎప్పుడూ అడగలేదు.

"పురుగు తెచ్చినావా?" అదీ ఆమె మొదటి మాట.

తేలేదంటే పంపించేసేది. "జొరమొచ్చినోన్ని ఇంట్లో పండబెట్టి, మందు మటుకు ఇయ్యమంటే డాక్టరు ఇస్తాడా? పో, పట్టుకొని రా."

అందుకని రైతులు పురుగులు తెచ్చేవాళ్లు. అగ్గిపెట్టెల్లో, అన్నం డబ్బాల్లో, తువ్వాలు కొసన ముడి వేసుకుని. ఆపా భూతద్దం పెట్టి చూసి తీర్పు చెప్పేది. ఆమె దగ్గర మూడే తీర్పులు. "వీడు దొంగ." "వీడు మనోడు." "వీడు దారిన పోయేటోడు." చేనులో తిరిగేవాళ్లలో చాలామంది దారిన పోయేవాళ్లేనని ఆమె లెక్క. "దారిన పోయేటోన్ని ఏంటికి సంపల్ల? వాన్ని తిని మనోడు బతుకుతాడు. దొంగ దొరకని నాడు మనోనికి వాడే అన్నం."

మందు డబ్బా ముట్టుకుంటే చాలు, లేచి పోయి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని వచ్చేది. ఇన్ని పురుగులను సీసాల్లో పెంచిన మనిషి, బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కేది. "అది దొంగా, మనోడా, ఆపా?" అని ఎవరో నవ్వుతూ అడిగితే, "అది సైతాను. ముందు దాన్ని బయట పారెయ్యి, ఆమీట సెప్తా" అంది.

భాయ్ గొణుగుతుండేవాడు. "సరుకు అమ్మేదానికని కూర్చోబెడితే, అమ్మకుండా సూసేదానికి కూర్చునింది." నిజానికి ఆమెకు మందుల మీద పగేమీ లేదు. తప్పనిసరి అయినప్పుడు తానే ఇచ్చేది. ఏ పూట కొట్టాలో, ముఖానికి గుడ్డ ఎట్లా కట్టుకోవాలో, గాలి ఎటు వీస్తే ఎటు నిలబడాలో చెప్పి, మళ్లీ మనతో చెప్పించుకుని గానీ డబ్బా చేతికిచ్చేది కాదు.

ఇదంతా యాడ నేర్చుకున్నావని ఒకసారి అడిగాను. ఆదోనిలోనే డిగ్రీ చదివిందట, జంతుశాస్త్రం. పరీక్షలైన వెంటనే పెళ్లి, పెళ్లితో పాటు ఈ అంగడి.

"కాలేజీలో కప్పను కోసినా. దాని గుండె యాడుంది, పేగు యాడుంది, అంతా సూపించినారు. అది ఏం తింటాది, దాన్ని ఏది తింటాది, అది లేకపోతే ఏమయితాది, అది మటుకు ఎవరూ సూపించలే. ఈ రైతులు తెచ్చిన అగ్గిపెట్టెల్లో నేర్చుకున్నా" అంది.

నాకు ఆమె దగ్గరైంది మా పత్తి చేను వల్ల. మా ఊరు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. ఆ యేడు మా ఆయన బెంగుళూరులో సెంట్రింగు పనికి పోయాడు. చేను చూసుకునేది నేనూ, మా మామా. వాన సమయానికి పడింది, పత్తి ఒకటే ఎత్తున లేచింది. ఇంక ఫరవాలేదు అనుకుంటున్న రోజుల్లో ఆకులు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. తిప్పి చూస్తే అడుగున సందు లేకుండా పేనుబంక. ఆకు ముట్టుకుంటే వేళ్లకు జిగురు. కాండం పొడుగునా చీమలు. ఆ పేల మధ్యన ఇంకొక పురుగు కూడా తిరుగుతోంది. నల్లగా, ఒంటి నిండా ముళ్లతో, అక్కడక్కడ నారింజ రంగు మచ్చలతో, వేలిగోరంత మొసలిపిల్ల మాదిరి. పేల కన్నా దీన్ని చూసే నాకు ఎక్కువ భయమైంది. ఏరి ఏరి అగ్గిపెట్టెలో వేసుకుని, కొన్ని ముడుచుకున్న ఆకులు కూడా తెంపుకుని ఆదోని బస్సెక్కాను.

ఆపా అగ్గిపెట్టె తెరిచి చూసింది. నా వైపు చూసింది.

"ఇంట్లో దొంగలు పడినారని కుక్కను పట్టి తెచ్చినావా, చెల్లీ?"

నాకు అర్థం కాలేదు. ఆమె ఒక సీసాలో నేను తెచ్చిన ఆకు పెట్టింది, దాని మీద ఆ మొసలిపిల్లను వదిలింది. ఇద్దరికీ చాయ్ చెప్పింది. "నువ్వు సదువుకున్నావు కదా. నేను సెప్పను. నువ్వే సూడు" అని మెడలోని భూతద్దం తీసి నా చేతిలో పెట్టింది.

నేను ఇంటర్ దాకానే చదివాను. ఆహారపు గొలుసు అని పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద, మధ్యలో బాణాలు. పరీక్షలో ఆ బాణాలు తప్పు పెట్టకుండా గీసినదాన్ని. ఆ పొద్దు భూతద్దంలో ఆ బాణం కదలడం చూశాను. ఆ ముళ్లపురుగు ఒక పేనును నోట కరుచుకుని పైకి లేపింది. పేను కాళ్లు గాలిలో కొట్టుకున్నాయి. కాసేపటికి దాని తోలు మటుకు మిగిలింది. వెంటనే ఇంకొకటి. నా చాయ్ చల్లారిపోయింది.

"ఏందిది, ఆపా?"

"అక్షింతల పురుగు సూసినావా, ఎర్రగా, గుండ్రంగా, నల్ల సుక్కలతో? సిన్నపిల్లోల్లు సేతి మీద పెట్టుకొని ఆడతారే, దాని పిల్ల ఇది. తల్లి అందంగా ఉంటాది, పిల్ల రాక్షసి మాదిరి ఉంటాది. అందుకే మనోల్లు దీన్నే ముందు సంపుతారు."

మందు ఇవ్వమని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు కొడితే ఏమయితాది? పేలూ సస్తాయి, వీల్లూ సస్తారు. సరే. ముందు లేచేది ఎవరు? పేనుకు మొగోడు కూడా అక్కర్లేదు, కూర్చున్న సోటనే పిల్లల్ని పెడతాంటాది. వీల్లు గుడ్డు పెట్టి, అది పగిలి, పెద్దదయి, అన్నీ కావాల. వారం తిరిగే లోపల సేను నిండా మళ్లా పేలు. ఈసారి తినేటోడు లేడు. అప్పుడు ఇంగో డబ్బా, ఆమీట ఇంగోటి."

"మరి ఇన్ని పేలు ఉన్నాయి, వీళ్లు కొంచెమే ఉన్నారు కదా."

"అన్నం పెట్టని పెండ్లికి సుట్టాలు వస్తారా? ముందు అన్నం ఉండాల, ఆమీట సుట్టాలు. ఇప్పుడిప్పుడే దిగుతాండారు. కొంచెం సబర్ సెయ్యి, ఓపిక పట్టు."

తర్వాత ఆమె అడిగిన ప్రశ్న నాకు అప్పుడు వింతగా తోచింది. "మీ సేను సుట్టూ ఏముంది?"

మా మామకు ఎద్దులంటే ప్రాణం. వాటి మేతకని చేను చుట్టూ నాలుగైదు సాళ్లు జొన్న వేసేవాడు. పత్తి మధ్యన అక్కడక్కడ అలసంద. ఒక పక్క గుట్ట, దాని మీద కంప చెట్లు, బోద గడ్డి. ఇదంతా చెప్పాను. ఆపా ముఖం వెలిగింది. "జొన్నకు కూడా పేను పడతాది. అది వేరే పేను, పత్తిని ముట్టదు. దాన్ని తిని మనోల్లు ముందే పిల్లల్ని పెట్టి ఉంటారు. మీ మామ ఎద్దులకని ఏసినాడు, అది వీల్లకు పుట్టిల్లయింది" అంది. అగ్గిపెట్టె మూసి నా చేతికిచ్చి, "తెచ్చిన సోటనే వదిలిపెట్టు. ఈ అద్దం కూడా నీ దగ్గర ఉండనీ" అని పంపేసింది.

ఇంటికి వచ్చాక మామ నా చేతుల వైపు చూశాడు. "మందు యాడ?"

"ఆపా వద్దనింది, మామా."

"అంగడోల్లే వద్దంటారా ఏడన్నా? నువ్వు సరిగ్గా అడిగినట్ల లేదు."

మా చేను పక్కనే చిన్నమామ చేను. మామకు వరసకు తమ్ముడు. ఆయన ఆ రోజే మందు కొట్టించాడు. రెండు మూడు రోజుల్లో ఆయన పత్తి కడిగినట్టు శుభ్రమైంది. మాది మాడిపోయినట్టు ముడుచుకుని, జిగురుతో మెరుస్తూ ఉంది. గట్టు మీద నిలబడి చూస్తే ఒక పక్క పచ్చగా, ఒక పక్క నల్లగా. మామ నాతో మాట్లాడటం తగ్గించాడు. ఎద్దులతో మాట్లాడేవాడు. "మన బతుకు పురుగుల సేతికి ఇచ్చినారు సూడప్పా" అని వాటితో అంటుంటే, వంటింట్లో ఉన్న నాకు వినిపించేది. మా ఆయనకు ఫోన్లో ఏమీ చెప్పలేదు. చెబితే మందు కొట్టమంటాడు. కొట్టమంటే, తర్వాత ఏమైనా నా తప్పు ఉండదు. ఆ మాట అనిపించుకోవడానికి ఎన్నిసార్లు ఫోను తీశానో.

చివరికి తట్టుకోలేక మళ్లీ ఆదోనికి పోయాను. ఈసారి మందు లేకుండా రాకూడదనుకున్నాను. అంగడిలో కోసిగి దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నా గోడు అంతా విన్నాడు.

"నాకూ ఇట్లనే సెప్పింది తల్లీ, రెండేండ్ల కింద. తెల్లదోమకు. ఆగు ఆగు అనింది. ఆగినా. సేను పోయింది."

ఆపా వైపు చూశాను. అది అబద్ధమని చెబుతుందనుకున్నాను.

"అవును. నాది తప్పు" అంది ఆపా. "ఆయన సేను సుట్టూ అంతా పత్తే. అందరూ మందు కొట్టినోల్లే. మనోల్లు వచ్చేదానికి యాడా మిగల్లేదు. అది నేను అడగలే. సీసాలో సూసి సేనుకు సెప్పినా. సీసాకు పక్క సేను ఉండదు, సేనుకు ఉంటాది. అప్పటి నుంచే సుట్టూ ఏముందని అడిగేది."

"మరి నువ్వు ఈడికే వస్తాండావు కదా?" అని పెద్దాయనను అడిగాను.

"ఏం సేసేది. మా ఇంటి దాకా వచ్చి, తప్పయిందని సెప్పి పోయిన అంగడి ఇదొక్కటే" అన్నాడాయన.

ఆపా లేచి పోయి ఒక డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. తిరిగి వచ్చి కూర్చుని, నెమ్మదిగా అంది. "తీస్కపో. సేను నీది, భయం నీది. నేను ఈడ కూర్చొని సబర్ అనేది సులువు. కానీ కొట్టే ముందర ఒక్కతూరి అద్దం పెట్టి సూడు. మనోల్లు పోయినసారి కన్నా తక్కువుంటే కొట్టు. ఎక్కువుంటే, నీ ఇష్టం."

ఆ డబ్బా చూసి మామ ముఖం తేటపడింది. మరునాడు పొద్దున్నే కొడదామన్నాడు. పొద్దున్నే డబ్బా, బిందె, పంపు అన్నీ మోసుకుని చేనుకు పోయాం. పంపులో నీళ్లు పోసే ముందు భూతద్దం తీసి మామ చేతికిచ్చాను.

"ఒక్కసారి చూడు, మామా. నువ్వు ఏమంటే అది."

"ఏముందని సూసేది" అంటూనే వంగాడు. వంగినవాడు లేవలేదు. ఒక ఆకు వదిలి ఇంకొక ఆకు, ఒక చెట్టు వదిలి ఇంకొక చెట్టు. మామ నడుము నొప్పి మనిషి, అంతసేపు వంగి ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఆకు అడుగున పసుపు గుడ్ల గుంపులు, ఎటు చూసినా ఆ ముళ్ల పిల్లలు, ఆకులకు అతుక్కుని మొగ్గ మాదిరి ముడుచుకున్నవి, కొత్తగా రెక్కలొచ్చి ఇంకా రంగు ఎక్కనివి. కొన్ని ఆకుల మీద పేల తోళ్లు తప్ప ఏమీ లేవు.

"పందికొక్కు మాదిరి తింటాది కదే ఇది" అన్నాడు చివరికి. అద్దం నాకు ఇవ్వకుండా తన జేబులో వేసుకున్నాడు. "ఆ పంపు ఇంట్లో పెట్టు. ఇంగా రెండు దినాలు సూద్దాం."

ఆ రెండు రోజులూ గడిచిన తర్వాత అనుకుంటాను, నేనూ మామా చేనులో కలుపు తీస్తుంటే గట్టు మీద ఒక నల్ల బురఖా కనబడింది. ఎవరో దారి తప్పారనుకున్నాను. దగ్గరికి వచ్చేసరికి ఆపా. చెప్పులు చేతిలో పట్టుకుని, అడుగు అడుగుకూ తడబడుతూ నల్లమట్టిలో నడిచి వస్తోంది.

"ఎమ్మిగనూరులో సిన్నమ్మ ఇంటికి పోతాండా అని ఇంట్లో సెప్పి బస్సెక్కినా. నడిమధ్యలో మీ ఊరికాడ దిగేసినా" అంది ఊపిరి తీసుకుంటూ. "కొట్టినావా?"

"లేదు."

ఆమె చెప్పులు గట్టు మీద పెట్టి పత్తి సాళ్లలోకి దిగింది. ఇన్నేళ్లుగా ఇన్ని ఊళ్ల చేలకు తీర్పులు చెప్పిన మనిషి, పత్తి చేనులో కాలు పెట్టింది మటుకు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చునని తర్వాత చెప్పింది. ఆకు తిప్పింది. ఇంకొకటి తిప్పింది. ఎర్రటి అక్షింతల పురుగులు చేను నిండా. పెళ్లిలో నిజంగానే ఎవరో అక్షింతలు చల్లిపోయినట్టు ఉంది. కొత్తగా వచ్చిన చిగురాకులు ముడత లేకుండా, జిగురు లేకుండా తెరుచుకున్నాయి. ఒక పెద్ద సాలీడు రెండు కొమ్మల మధ్య గూడు కట్టుకుని అక్షింతల పురుగును ఒకదాన్ని పట్టుకుని ఉంది. నాకు బాధేసింది.

"అయ్యో, మనోన్ని తింటాంది."

"తిననీ. వీల్లు ఎక్కువైతే వాల్లు వస్తారు, వాల్లు ఎక్కువైతే పిట్టలొస్తాయి. ఒకరే ఉంటే అది సేను కాదు" అంది, ఆకు మీద నుంచి చూపు తిప్పకుండా.

గట్టు అవతల చిన్నమామ చేనులో మళ్లీ పేనుబంక మొదలైంది. ఆయన రెండోసారి పంపు తగిలించుకుని వచ్చినవాడు మమ్మల్ని చూసి ఆగాడు. నవ్వుదామన్న ఆలోచన నాకు రాలేదు. ఆయన ముఖంలో కొన్ని రోజుల కిందటి నా ముఖమే కనబడింది. ఆపానే ఆయన్ను పిలిచింది.

"అన్నా, కొంచెం ఆగరాదా. ఈల్లకు ఈడ తిండి అయిపోతాంది. ఇంగ నీ సేనుకే వస్తారు. సర్వే రాయి ఈల్లకు తెలీదు."

చిన్నమామ మా మామ వైపు చూశాడు. మామ జేబులోంచి అద్దం తీసి గట్టు మీదుగా ఆయనకు అందించాడు. ఆ యేడే కొన్నాళ్ల తర్వాత కాయలో గులాబీ పురుగు కనబడినప్పుడు ఆపా తానే కబురు పెట్టి మందు ఇచ్చింది, ఒక్కసారి కొట్టాం. పేనుబంకకు మటుకు రెండు చేలలోనూ ఇంక కొట్టే పని పడలేదు.

ఆపా వచ్చిన ఆ రోజు మధ్యాహ్నం గట్టు మీది తుమ్మచెట్టు కింద కూర్చుని జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తిన్నాం. ఆపా ఆకలితో ఉన్న పిల్ల మాదిరి తింది. తిని, చేయి కడుక్కుని, చెట్టుకు ఆనుకుంది.

"ఒక మాట సెప్తా, చెల్లీ. నీకు సబర్ సెయ్యి అని సెప్పినా గానీ, నాకు లేకపోయె. నువ్వు డబ్బా తీస్కపోయిన కాడి నుంచి రాత్రిల్లు నిద్ర లే. కండ్లు మూస్తే ఆ కోసిగి పెద్దాయన సేను. నువ్వు ఎప్పుడొచ్చి ఏం సెప్తావో అని అంగడి గుమ్మం సూసి సూసి, ఈ పొద్దు ఇంగ కాలే. వచ్చేసినా."

నేను ఏదో చెప్పబోయాను. ఇన్ని రోజులూ ఆమె ధైర్యాన్ని పట్టుకుని నేను నిలబడ్డాననీ, ఆ ధైర్యం ఆమెకు కూడా లేదని తెలిసుంటే మొదటి రోజే పడిపోయి ఉండేదాన్ననీ. మాట కూడగట్టుకుని తిరిగి చూసేసరికి ఆపా నిద్రపోయింది. తల పక్కకు వాలి, నోరు కొంచెం తెరుచుకుని, మట్టి కాళ్లు ముందుకు చాపుకుని. అట్లా పట్టపగలు, పరాయి చేనులో, అంత గాఢంగా నిద్రపోయిన ఆడమనిషిని నేను ఎరగను.

మేకలవాడు అటు రాబోతుంటే మామ చేత్తోనే సైగ చేసి గుట్ట చుట్టూ తిప్పి పంపాడు. మెడలోని గంటలు మోగుతున్నాయని ఎద్దులను విప్పుకుని పోయి దూరంగా కట్టేసి వచ్చాడు. నీడ జరిగినప్పుడు తన తువ్వాలు కొమ్మకు వేలాడదీసి ఆమె ముఖం మీద ఎండ పడకుండా చేశాడు.

పొద్దు వాలుతుండగా రోడ్డు మీద ఆదోని బస్సు హారను వినబడింది. ఆమెను లేపుదామని నేను లేచాను. మామ వద్దని చెయ్యి ఊపాడు.

"పండుకోనీలే. బస్సులకేం, ఇంగోటి వస్తాది."